కంప్యూటరు కంటికి పెద్ద ‘ఏ’ వేరు, చిన్న ‘ఏ’ వేరు

తెలుగు అక్షరాలు 56 అని మనకు పలక పట్టిన రోజుల్లోనే చెబుతారు. ఇంగ్లీషు అక్షరాలు 26 మాత్రమేనని తెలిసినప్పుడు ఎవరికైనా ప్రాణం హాయిగా ఉంటుంది, సగానికి పైగా పని తప్పిందని. ఆ హాయి నాలుగు గీతల కాపీ పుస్తకం చేతికి వచ్చేదాకానే! పెద్ద ‘ఏ’ ఒకటి, చిన్న ‘ఏ’ ఒకటి. పెద్ద ‘బి’కి రెండు బొజ్జలు, చిన్న ‘బి’కి ఒకటే. పెద్ద ‘జి’కీ, చిన్న ‘జి’కీ చుట్టరికం ఉందంటే నమ్మడమే కష్టం. చూస్తుండగానే 26 కాస్తా 52 అయి కూర్చుంటాయి.

మన ‘క’కు ఈ గొడవ లేదు. వాక్యం మొదట్లో వచ్చినా, చివర్లో వచ్చినా, మనిషి పేరులో వచ్చినా, ఊరి పేరులో వచ్చినా ‘క’ ఎప్పుడూ ‘క’యే.

సరే, ఇంగ్లీషులో ఒక ఊరి పేరును పెద్ద అక్షరాల్లో రాసినా, చిన్న అక్షరాల్లో రాసినా మనం ఒకే ఊరని గుర్తుపడతాం. బస్సు మీద బోర్డు అన్నీ పెద్ద అక్షరాల్లోనే ఉంటుంది. ఇది వేరే ఊరేమోనని ఎవరూ బస్సు వదిలేయరు. మరి కంప్యూటరు గుర్తుపడుతుందా? వెబ్ చిరునామా విషయంలో ఈ ప్రశ్నకు జవాబు చాలా చిత్రమైనది. చిరునామాలో ముందు సగం వరకు గుర్తుపడుతుంది. వెనక సగంలో గుర్తుపట్టవచ్చు, పట్టకపోవచ్చు!

ఇదేదో పండితుల తగాదా అనుకోకండి. విద్యార్థుల ఉపకారవేతనానికి దరఖాస్తు ఫారం ఒక వెబ్‌సైటులో పెట్టారనుకుందాం. దాని చిరునామాను గోడ పత్రికలుగా అచ్చు వేయించారు. ప్రెస్సులో పనిచేసే ఆయన, దూరానికి బాగా కనబడుతుందని, చిరునామా మొత్తాన్ని పెద్ద అక్షరాల్లో వేశాడు. ఒక పల్లెలో పదో తరగతి చదివే అమ్మాయి ఆ కాగితం చూసి, పక్కింటివాళ్ల సెల్‌ఫోను అడిగి తెచ్చుకుని, ఒక్క అక్షరం పొల్లు పోకుండా కొట్టింది. తెర మీద ‘404 – మీరు అడిగిన పేజీ దొరకలేదు’ అని వచ్చింది. మళ్లీ కొట్టింది. మళ్లీ అదే. ఆ రోజు గడువుకు చివరి రోజు. ఫారం అక్కడే ఉంది. సర్వర్ చక్కగా పనిచేస్తోంది. అమ్మాయి చేసిన తప్పు ఏమీ లేదు. మరి తప్పు ఎక్కడుంది?

అక్షరాలు రాని యంత్రం

కంప్యూటరుకు అక్షరాలు రావు. నవ్వకండి, ఇది నిజం. దానికి తెలిసినవి సంఖ్యలే. మనం మీట నొక్కిన ప్రతి అక్షరమూ దాని లోపలికి ఒక సంఖ్యగా వెళుతుంది. ఏ అక్షరానికి ఏ సంఖ్య అనేది అందరూ కలిసి ఒప్పుకోవాలి, లేకపోతే ఒక యంత్రం ‘రామ’ అంటే ఇంకొకటి ‘భీమ’ అని వింటుంది. అలాంటి ఒప్పందం ఒకటి 1963లో అమెరికాలో అచ్చయింది. దాని పేరు ఆస్కీ. ఆ మొదటి ప్రతిలో ఉన్నవి పెద్ద అక్షరాలే. ఆనాటి టెలిప్రింటర్లలో చాలావాటికి చిన్న అక్షరాలు అచ్చు వేయడం చేతకాదు. చిన్న అక్షరాలకు 1967 నాటి ప్రతిలో చోటు దొరికింది.

ఆ పట్టికలో పెద్ద ‘ఏ’ సంఖ్య 65, పెద్ద ‘బి’ 66, అలా వరసగా పెద్ద ‘జెడ్’ 90. చిన్న ‘ఏ’ 97, చిన్న ‘బి’ 98, చిన్న ‘జెడ్’ 122. తీసివేత చేసి చూడండి. 97లోంచి 65 పోతే 32. 122లోంచి 90 పోతే 32. ఏ జత తీసుకున్నా తేడా 32.

ఈ 32 ఏదో కాకతాళీయంగా వచ్చింది కాదు. కంప్యూటరు సంఖ్యలను స్విచ్చులతో రాస్తుందని మీకు తెలుసు. ఆస్కీలో ఒక్కొక్క అక్షరానికి ఏడు స్విచ్చులు. వాటి విలువలు ఎడమనుంచి వరసగా 64, 32, 16, 8, 4, 2, 1. వేసి ఉన్న స్విచ్చును 1గా, ఆర్పి ఉన్నదాన్ని 0గా రాస్తే పెద్ద ‘ఏ’ 1000001 అవుతుంది, అంటే 64, 1 కలిపి 65. చిన్న ‘ఏ’ 1100001 అవుతుంది, అంటే 64, 32, 1 కలిపి 97. రెంటికీ తేడా ఒకే ఒక్క స్విచ్చు! ఎడమనుంచి రెండో స్విచ్చు వేస్తే చిన్న అక్షరం, ఆర్పితే పెద్ద అక్షరం. ఎంత చక్కటి ఏర్పాటో చూడండి. ‘పెద్దా చిన్నా తేడా నాకు అక్కర్లేదు’ అనుకునే యంత్రం, అక్షరాలను పోల్చేటప్పుడు ఆ ఒక్క స్విచ్చును చూడకుండా కళ్లు మూసుకుంటే చాలు.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. కళ్లు మూసుకొమ్మని యంత్రానికి ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పకపోతే దాని కంటికి 65 వేరు, 97 వేరు. 65 రూపాయలూ 97 రూపాయలూ ఒకటే అంటే మీరు ఒప్పుకుంటారా? అదీ ఒప్పుకోదు.

(మాటలో మాట. ఈ పెద్ద, చిన్న అక్షరాలను ఇంగ్లీషులో ‘అప్పర్ కేస్’, ‘లోవర్ కేస్’ అంటారు. అంటే ‘పై పెట్టె’, ‘కింది పెట్టె’. సీసపు అచ్చులను చేత్తో పేర్చే రోజుల్లో కంపోజిటర్ ముందు రెండు చెక్క పెట్టెలు ఉండేవి. పై పెట్టె అరల్లో పెద్ద అక్షరాలు, చేతికి దగ్గరగా ఉన్న కింది పెట్టె అరల్లో చిన్న అక్షరాలు. సీసపు అచ్చులు పోయాయి, పెట్టెల పేర్లు మాత్రం మిగిలాయి. గుణింతాలూ వత్తులూ పేర్చుకోవలసిన తెలుగు కంపోజిటర్‌కు ఆ అరలు ఏ మూలకూ చాలవని వేరే చెప్పాలా!)

కవరు మీద చిరునామా, ఇంట్లో ముద్దుపేరు

మళ్లీ చిరునామా దగ్గరకు వద్దాం. ఎవరికైనా ఉత్తరం రాస్తే కవరు మీద ఊరు, జిల్లా, పిన్‌కోడు ఉంటాయి. వాటిని చదివేది తపాలా శాఖ. దేశమంతటికీ దానికి ఒకే పద్ధతి. ఉత్తరం ఇంటికి చేరాక, లోపల ‘మన చిన్నాకు ఇవ్వండి’ అని రాసి ఉందనుకోండి. ఆ చిన్నా ఎవరన్నది ఆ ఇంటివాళ్లకే తెలియాలి. ఒక ఇంట్లో చిన్నా, చిన్ని, చిన్నోడు అని ఎలా పిలిచినా ఒకడే పలుకుతాడు. ఇంకో ఇంట్లో చిన్నా వేరు, చిన్ని వేరు. తపాలా శాఖకు దానితో నిమిత్తం లేదు.

వెబ్ చిరునామా కూడా అంతే. అందులో ‘డాట్ ఇన్’, ‘డాట్ కామ్’, ‘డాట్ ఆర్గ్’ వంటి తోకతో ముగిసే మొదటి ముక్కను డొమైన్ పేరు అంటారు. అది కవరు మీది చిరునామా. ఆ తరవాత వాలుగీత పెట్టి, అంటే స్లాష్ పెట్టి, రాసేదంతా ఇంటి లోపలి సంగతి. దాన్ని ‘పాత్’ అంటారు, దారి అన్నమాట. మొదటి ముక్కను ప్రపంచమంతా కలిసి చదువుతుంది. రెండో ముక్కను ఒకే ఒక్క సర్వర్ చదువుతుంది, తన ఇష్టం వచ్చిన పద్ధతిలో.

మొదటి ముక్క కథ ముందు చెప్పుకుందాం. ఇంటర్నెట్ పసితనంలో దాని పేరు అర్పానెట్. అప్పుడు అందులో ఉన్న కంప్యూటర్లు బహు కొద్ది. వాటి పేర్లూ నంబర్లూ అన్నీ ఒకే ఒక ఫైలులో ఉండేవి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆవిడ నాయకత్వాన ఒక బృందం ఆ జాబితాను చూసుకునేది. కొత్త కంప్యూటరు చేరితే వాళ్లకు చెప్పాలి, వాళ్లు జాబితాలో రాయాలి, మిగతావాళ్లు దాన్ని తెచ్చుకోవాలి. కంప్యూటర్లు వందలు దాటేసరికి ఆ పద్ధతి ఊపిరాడని స్థితికి వచ్చింది. 1983లో పాల్ మొకాపెట్రిస్ అనే శాస్త్రజ్ఞుడు జాబితాను ముక్కలు చేసి ఎవరి ముక్కను వారే చూసుకునే ఏర్పాటు ఒకటి తయారుచేశాడు. దాని పేరు డొమైన్ నేమ్ సిస్టమ్. పొట్టిగా డిఎన్ఎస్ అంటారు. ఈనాటికీ మీరు ఏ వెబ్‌సైటు తెరిచినా ముందు పలికేది అదే.

పేర్లు రాసేవాళ్లలో పెద్ద అక్షరాలు తప్ప మరేవీ లేని యంత్రాల ముందు కూర్చున్నవాళ్లూ ఉన్నారు, రెండు రకాలూ ఉన్న యంత్రాల ముందు కూర్చున్నవాళ్లూ ఉన్నారు. అందరికీ ఒకే పేరు పనిచేయాలి. అందుకని, పేర్లను పోల్చేటప్పుడు పెద్దా చిన్నా తేడా చూడకూడదని నియమం పెట్టారు. మనం చెప్పుకున్న ‘ఒక స్విచ్చుకు కళ్లు మూసుకోవడం’ ఇదే. కాబట్టి డొమైన్ పేరును మీరు పెద్ద అక్షరాల్లో కొట్టండి, చిన్న అక్షరాల్లో కొట్టండి, ఒకటి విడిచి ఒకటి కలగలిపి కొట్టండి, చేరవలసిన గుమ్మానికే చేరుతారు.

గుమ్మం దాటాక ఏమవుతుంది?

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనే ఇద్దరు యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు శ్రీకారం చుట్టారు. ఫైళ్ల పేర్ల విషయంలో యూనిక్స్ చాలా నిర్మొహమాటమైనది. ఫైలు పేరు దాని దృష్టిలో ఒక సంఖ్యల దండ, అంతే. ఆ సంఖ్యలకు అర్థం ఏమిటో, అది ఏ భాషో దానికి పట్టదు. వాలుగీతనూ, సున్నా సంఖ్యనూ మాత్రం పేరులో రానివ్వదు. మిగతావి ఏవి వచ్చినా సరే. దండలో ప్రతి పూసా సరిపోతే అదే ఫైలు, ఒక్క పూస తేడా వచ్చినా వేరే ఫైలు. ఒకే సంచిలో పెద్ద ‘పి’తో ఒక ‘ఫొటో’, చిన్న ‘పి’తో ఇంకో ‘ఫొటో’ పక్కపక్కన ఉంటామంటే యూనిక్స్‌కు అభ్యంతరం లేదు.

వినడానికి సరదాగా ఉండే సంగతి ఒకటుంది. పాత యూనిక్స్‌లో ప్రవేశించేటప్పుడు మీ పేరును అన్నీ పెద్ద అక్షరాల్లో కొడితే, ‘పాపం, ఇతని యంత్రానికి చిన్న అక్షరాలు లేవు కాబోలు’ అని జాలిపడి, అప్పటినుంచి మీరు కొట్టిన ప్రతి అక్షరాన్నీ చిన్నదిగా మార్చుకునేది. అంత మర్యాద తెలిసిన యూనిక్స్ కూడా ఫైలు పేర్ల దగ్గర మాత్రం మెత్తబడలేదు.

ఇటు ఇంటి కంప్యూటర్ల సంప్రదాయం వేరుగా పెరిగింది. ఎమ్ఎస్-డాస్ అనే సిస్టమ్ మీరు పేరును ఎలా కొట్టినా పెద్ద అక్షరాల్లోకి మార్చి దాచుకునేది. దాని వారసుడైన విండోస్ కాస్త మెరుగు. మీరు రాసిన రూపాన్ని అలాగే దాస్తుంది, కానీ వెతికేటప్పుడు తేడా చూడదు. మాక్ కంప్యూటర్లలో కూడా మామూలుగా ఇదే పద్ధతి.

1989లో స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను ప్రతిపాదించాడు. మరుసటి ఏడు దాన్ని నెక్స్ట్ అనే కంప్యూటరు మీద నడిపించాడు. ఆ కంప్యూటరు లోపల ఉన్నది యూనిక్స్ సంతానమే. ప్రపంచంలో మొట్టమొదటి వెబ్ పేజీ చిరునామా ఇదిగో: ఇన్ఫో డాట్ సెర్న్ డాట్ సిహెచ్, స్లాష్ హైపర్‌టెక్స్ట్, స్లాష్ డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ, స్లాష్ ది ప్రాజెక్ట్ డాట్ హెచ్‌టిఎమ్ఎల్. ఇందులో మూడు డబ్ల్యూలూ పెద్దవి. ‘ది’లో ‘టి’ పెద్దది, ‘ప్రాజెక్ట్’లో ‘పి’ పెద్దది. మిగతావన్నీ చిన్నవి. అంటే మనం మాట్లాడుకుంటున్న తగువు వెబ్ పుట్టిన నాడే దాని మొదటి చిరునామాలోనే ఉందన్నమాట!

తరవాత ఆయనే మరి ఇద్దరితో కలిసి రాసిన నియమావళి 2005లో వెలువడింది. డొమైన్ పేరులో తేడా చూడవద్దు, దాని తరవాతి ముక్కలో మాత్రం వేరేవిధంగా చెప్పి ఉంటే తప్ప తేడా ఉన్నట్టే అనుకోండి అని అది అంటుంది.

ఇంటర్నెట్ ఉంటే మీరే చేసి చూడండి. ఇంగ్లీషు వికీపీడియా చిరునామాలో డొమైన్ పేరును పెద్ద అక్షరాల్లోకి మార్చి కొట్టండి, మామూలుగానే తెరుచుకుంటుంది. ఇప్పుడు వ్యాసం పేరు దగ్గరకు రండి. ‘రెడ్ మీట్’ అనే పేరులో రెండో మాటకు చిన్న ‘ఎమ్’ పెడితే మేకమాంసం, గొర్రెమాంసం వంటి వాటి గురించి చదువుతారు. అదే ‘ఎమ్’ను పెద్దది చేస్తే ఆ పేరు గల ఒక అమెరికన్ బొమ్మల హాస్యకథ గురించిన పేజీ వస్తుంది. పేరులోని మొట్టమొదటి అక్షరాన్ని మాత్రం వికీపీడియా పట్టించుకోదు, ఎలా రాసినా పెద్దదిగానే తీసుకుంటుంది. అది ఆ ఇంటి ఆచారం.

ఊరు మారితే వచ్చిన చిక్కు

సమస్య ఎప్పుడు వస్తుందంటే, ఒక ఆచారంలో పెరిగిన వెబ్‌సైటు ఇంకో ఆచారం ఉన్న ఇంటికి కాపురానికి వెళ్లినప్పుడు. కొత్తగా వెబ్‌సైటు చేసేవాళ్లు చాలామంది విండోస్ కంప్యూటరు మీద తయారుచేస్తారు. అక్కడ అన్ని బొమ్మలూ కనిపిస్తాయి, అన్ని పేజీలూ తెరుచుకుంటాయి. దాన్ని తీసుకెళ్లి లినక్స్ సర్వర్ మీద పెడతారు. లినక్స్ యూనిక్స్ పద్ధతిలో నడిచేది. అంతే, బొమ్మల్లో సగం మాయం! కెమెరా తన ఫొటోలకు ‘జెపిజి’ అనే తోకను పెద్ద అక్షరాల్లో పెట్టింది, పేజీ రాసిన మనిషి చిన్న అక్షరాల్లో రాశాడు. విండోస్ ఆ తప్పును కప్పిపుచ్చుతూ వచ్చింది. లినక్స్ బయటపెట్టింది. నన్నడిగితే లినక్స్ చేసిందే మేలు. తప్పు మొదటి రోజే తెలిస్తే దిద్దుకోవచ్చు, వెయ్యి మంది చూసిన తరవాత తెలిస్తే నగుబాటు.

పేజీలను చూసేది మనుషులైతే ఇంకా నయం. రాకపోతే మళ్లీ ప్రయత్నిస్తారు, ఎవరినైనా అడుగుతారు. ఇవాళ వెబ్ చిరునామాలను మనుషులకంటె యంత్రాలే ఎక్కువగా పిలుచుకుంటున్నాయి. మీ ఫోనులో రైలు ఎక్కడుందో చూపే ఆప్ ఉందనుకోండి. అది మీకు కనబడకుండా ఎక్కడో ఉన్న సర్వర్‌ను ఒక చిరునామాలో పిలిచి, ఫలానా నంబరు రైలు సంగతి చెప్పమంటుంది. సర్వర్ జవాబు పంపుతుంది. ఇలా యంత్రం కోసం యంత్రం నడిపే దుకాణాన్ని వెబ్ సర్వీస్ అంటారు. దుకాణం పెట్టినవాడు చిరునామాలో ‘సర్వీస్’ అనే మాటకు పెద్ద ‘ఎస్’ పెట్టాడు. ఆప్ రాసినవాడు చిన్న ‘ఎస్’ పెట్టాడు. యంత్రానికి అనుమానం రాదు, విసుగూ రాదు. 404 అన్న జవాబు పట్టుకుని చేతులు కట్టుకు నిలబడుతుంది. మీ తెర మీద మాత్రం ‘సమాచారం లేదు’ అని కనబడుతుంది. రైలు వెళ్లిపోతూ ఉంటుంది.

వెబ్ సర్వీసుల్లో ఇంకో తిరకాసు కూడా ఉంది. ఎక్స్ఎమ్ఎల్ అనే పద్ధతిలో సమాచారం పంపేటప్పుడు ఇద్దరు వేర్వేరు మనుషులు పెట్టిన ఒకే పేరు కలిసిపోకుండా, ఒక్కొక్క పేరుకు ముందు ఒక వెబ్ చిరునామాను తగిలిస్తారు. ఒకే తరగతిలో ఇద్దరు లక్ష్ములు ఉంటే ఇంటిపేరు కలిపి పిలిచినట్టు. అక్కడ ఆ చిరునామాను తెరవడానికి ఎవరూ వెళ్లరు, దాన్ని ఇంటిపేరుగా వాడుకుంటున్నారంతే. కాబట్టి రెండు చిరునామాలు ఒకటేనా అని చూడడానికి అక్షరం అక్షరం పోలుస్తారు. డొమైన్ ముక్కలో కూడా పెద్దా చిన్నా తేడా ఉంటే అవి వేర్వేరు! తెరవడానికి ఒకటే అయిన చిరునామా, పేరుగా వాడితే రెండు అవుతుంది. ఇది తెలియక రోజుల తరబడి తల పట్టుకున్న ఇంజనీర్లు ఉన్నారంటే మీరు నవ్వుకోవచ్చు.

నవ్వుకోలేని సంగతి ఒకటి 2001లో బయటపడింది. మాక్ కంప్యూటర్ల మీద అపాచీ అనే వెబ్ సర్వర్ నడుస్తోంది. ‘ఈ గదిలోకి ఎవరినీ రానివ్వవద్దు’ అని దానికి చెప్పి ఉంచవచ్చు. గుమ్మం దగ్గర కాపలా కాసే అపాచీ యూనిక్స్ సంప్రదాయంలో పెరిగింది, పేరు అక్షరాలా సరిపోతేనే ఆపుతుంది. లోపల ఫైళ్లు తీసి ఇచ్చే మాక్ డిస్కు పద్ధతికి పెద్దా చిన్నా ఒకటే. ఇక చూసుకోండి! దొంగ వచ్చి గది పేరులో ఒక్క అక్షరాన్ని పెద్దది చేసి అడుగుతాడు. కాపలావాడు తన జాబితా చూసి, ఈ పేరు మనం ఆపవలసినదాంట్లో లేదని దారి వదులుతాడు. లోపలివాడు, ఆ గదే కదా అని తలుపు తీస్తాడు. ఇద్దరిలో ఎవరి పద్ధతీ తప్పు కాదు. ఇద్దరి పద్ధతులూ వేరు కావడమే కొంప ముంచింది.

అన్నిటినీ ఒకటే అనుకుంటే పోదా?

చాలామందికి తట్టే ఉపాయం ఇదే. అన్ని సర్వర్లనూ ఆ స్విచ్చుకు కళ్లు మూసుకొమ్మంటే సరి కదా! ఇంగ్లీషు ఒక్కటే ప్రపంచ భాష అయితే నిజంగానే సరిపోయేది. టర్కీ వాళ్ల సంగతి చూడండి. 1928లో వాళ్లు లాటిన్ లిపికి మారినప్పుడు ‘ఐ’ అక్షరాన్ని రెండుగా చేసుకున్నారు, చుక్క ఉన్నది ఒకటి, చుక్క లేనిది ఒకటి. పెద్ద అక్షరంలో కూడా చుక్క ఉంటుంది, లేకుండానూ ఉంటుంది. మనకు తెలిసిన చుక్కలేని పెద్ద ‘ఐ’ని చిన్నది చేయమంటే ఇంగ్లీషు పద్ధతిలో నడిచే యంత్రం చుక్క పెడుతుంది, టర్కీ పద్ధతిలో నడిచే యంత్రం పెట్టదు. ఒకే మాట రెండు దేశాల్లో రెండు పేర్లు అయిపోతుంది. జర్మన్ భాషలో ‘ఎస్‌సెట్’ అనే ఒక అక్షరాన్ని పెద్ద అక్షరాల్లో రాయమంటే మామూలుగా రెండు ‘ఎస్’లు రాస్తారు. పేరు పొడవే మారిపోయింది! యూనిక్స్ ‘నాకు భాషలు వద్దు, సంఖ్యలు చాలు’ అన్నది ఊరికే కాదు.

ఇంకో కారణం లాభానికి సంబంధించినది. పొడవాటి చిరునామాలను పొట్టిగా చేసి ఇచ్చే సేవలు ఉన్నాయి. అవి ఒక్కొక్క చిరునామాకు ఏడు అక్షరాల గుర్తు ఒకటి ఇస్తాయనుకుందాం. చిన్న అక్షరాలు 26, అంకెలు 10, మొత్తం 36 గుర్తులతో ఏడు స్థానాలు నింపితే వచ్చే పేర్లు సుమారు 7,836 కోట్లు. పెద్ద అక్షరాలు వేరని లెక్కపెడితే గుర్తులు 62 అవుతాయి, పేర్లు సుమారు 3 లక్షల 52 వేల కోట్లు. పొడవు పెరగలేదు, పేర్లు మాత్రం దాదాపు 45 రెట్లు పెరిగాయి. యూట్యూబులో ప్రతి వీడియోకూ ఉండే పదకొండు అక్షరాల గుర్తు ఇలాంటిదే. అందులో ఒక్క అక్షరం పెద్దదైతే వేరే వీడియో రావచ్చు, లేదా ఏదీ రాకపోవచ్చు.

అందువల్ల వెబ్ సర్వీసులు పెట్టేవాళ్లు అనుభవం మీద కొన్ని అలవాట్లు చేసుకున్నారు. చిరునామాలో మొదటినుంచి చివరిదాకా చిన్న అక్షరాలే వాడతారు. రెండు మాటలు కలిసేచోట పెద్ద అక్షరం బదులు అడ్డగీత పెడతారు. సర్వర్ ఏ పద్ధతిలో నడుస్తుందో ఆ పద్ధతి ఉన్న యంత్రం మీదే ముందు పరీక్షిస్తారు. ఎవరైనా పెద్ద అక్షరాలతో వస్తే తలుపు మూయకుండా, ‘అసలు చిరునామా ఇదీ, ఇకమీదట ఇక్కడికే రండి’ అని 301 అనే సంఖ్యతో జవాబు పంపి సరైన పేజీకి తీసుకెళతారు. ఊరికే లోపలికి రానిస్తే చాలదా అంటారేమో. చాలదు. ఒకే పేజీకి పది పేర్లు ఉంటే, పేజీలను వెతికిపెట్టే యంత్రాలు వాటిని పది వేర్వేరు పేజీలుగా లెక్కపెట్టవచ్చు. మన పదో తరగతి అమ్మాయి చూసిన వెబ్‌సైటులో ఈ 301 ఏర్పాటు ఉండి ఉంటే, గోడ పత్రిక ఎలా అచ్చయినా ఆమెకు ఫారం దొరికేది.

దొంగను పట్టించే స్విచ్చు

పెద్దా చిన్నా తేడా అక్కర్లేదన్న డిఎన్ఎస్‌లోనే ఆ తేడాను బహు తెలివిగా వాడుకుంటున్నారు.

మీ కంప్యూటరు తరఫున ఒక సర్వర్ ‘ఫలానా పేరుగల వెబ్‌సైటు నంబరు ఎంత?’ అని అడుగుతుంది. అసలు జవాబు వచ్చేలోగా దొంగ ఒకడు తప్పుడు నంబరుతో దొంగ జవాబు పంపగలిగితే, మీరు బ్యాంకుకు బదులు వాడి దుకాణానికి వెళతారు. ప్రశ్నకు ఒక వరస నంబరు ఉంటుంది, కానీ అది 65,536 నంబర్లలో ఒకటి మాత్రమే. వేల జవాబులు గుడ్డిగా విసిరితే ఏదో ఒకటి తగలవచ్చు. ఇది ఎంత సులభమో 2008లో డాన్ కమిన్‌స్కీ చూపించినప్పుడు ప్రపంచమంతా ఉలిక్కిపడింది.

ఆ ఏడే కొందరు పరిశోధకులు ఒక ఉపాయం చెప్పారు. ప్రశ్న అడిగేటప్పుడు పేరులోని అక్షరాలను బొమ్మా బొరుసూ వేసినట్టు ఇష్టం వచ్చినట్లు పెద్దవి, చిన్నవి చేసి పంపాలి. జవాబిచ్చే సర్వర్‌కు ఆ తేడాతో పని లేదు, పేరు గుర్తుపడుతుంది. కానీ జవాబులో ప్రశ్నను తిరిగి రాసేటప్పుడు సాధారణంగా వచ్చినది వచ్చినట్టే దించుతుంది. ప్రశ్నను చూడని దొంగకు ఏది పెద్దదో ఏది చిన్నదో తెలిసే దారి లేదు. వాడి జవాబులో అక్షరాల వరస తప్పుతుంది, వెంటనే పట్టుబడతాడు. గూగుల్ నడిపే పబ్లిక్ డిఎన్ఎస్ వంటి పెద్ద సేవలు ఈ ఉపాయాన్ని వాడుతున్నాయి.

పేరులో ఒక అక్షరం ఉంటే రెండు రకాలుగా రాయవచ్చు, రెండు ఉంటే నాలుగు, మూడు ఉంటే ఎనిమిది. పది అక్షరాల పేరైతే 1,024. అంటే దొంగ పని అన్ని రెట్లు కష్టమయింది. అంకెలకూ, చుక్కలకూ, అడ్డగీతలకూ పెద్దా చిన్నా లేవు కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోకూడదు. మీకు తెలిసిన ఏదైనా వెబ్‌సైటు డొమైన్ పేరును కాగితం మీద రాసి, అది దొంగ పనిని ఎన్ని రెట్లు పెంచుతుందో లెక్కకట్టి చూడండి.